గోడ తొడుగు కథ – ఒమాన్ నుంచి

(రేడియోలో ప్రసారమైన ప్రసంగానికి అక్షరరూపం)



పోయిన నెల మస్కట్ నుంచి ఒక సోదరి మన కార్యక్రమానికి ఫోన్ చేశారు. వాళ్ళుండే అపార్టుమెంటు ముందు గోడ మీదినుంచి రాతి పలక ఒకటి ఊడి కింద పడిందట. అదృష్టం కొద్దీ ఆ సమయానికి అక్కడెవరూ లేరు. ఆవిడ అడిగిన ప్రశ్న ఇది: "బిల్డింగు కట్టి పన్నెండేళ్ళే అయిందండీ. మా ఊళ్ళో మా మామగారి మట్టిగోడల ఇల్లు అరవై ఏళ్ళయినా నిక్షేపంలా ఉంది. ఇంత ఖర్చుపెట్టి అతికించిన రాయి ఎందుకు నిలవలేదు?"

నేను 1994లో మస్కట్‌లో దిగాను. ఇరవై రెండేళ్ళు భవన నిర్మాణంలో సైటు సూపర్‌వైజరుగా పనిచేశాను. ఆ సోదరి ప్రశ్నకి రెండు ముక్కల్లో జవాబు చెప్పవచ్చు గానీ అది సరిపోదు. ఒమాన్ దేశంలో గోడకి పై తొడుగు వెయ్యటమన్నది ఎక్కడ మొదలై ఎక్కడిదాకా వచ్చిందో చెప్తే, ఏ తప్పు ఎందుకు జరుగుతుందో మీకే అర్థమవుతుంది. అందుకని ఇవాళ ఆ చరిత్ర చెప్తాను. అందులో నా తప్పు కూడా ఒకటుంది. అది దాచకుండా చెప్తాను.

పాత ఒమాన్‌లో ఇళ్ళు ప్రాంతాన్నిబట్టి ఉండేవి. బాతినా సముద్రతీరంలో ఈతాకు మట్టల వంటి ఖర్జూరపు మట్టలతో అల్లిన ఇళ్ళు. వాటిని బరస్తీ అంటారు. మట్టల సందుల్లోంచి గాలి ఆడేది. తడిసినా గంటలో ఆరిపోయేది. కొండల వెనక నిజ్వా, బహ్లా, అల్ హమ్రా, మనహ్ వంటి ఊళ్ళలో మట్టి ఇటుకల ఇళ్ళు. పునాది దగ్గర రాయి, పైన ఎండబెట్టిన ఇటుక, దానిమీద గడ్డి కలిపిన మట్టి పూత. ఆ మట్టి పూతే అప్పటి తొడుగు. వాన పడ్డప్పుడల్లా కొంత కరిగి పోయేది. మళ్ళీ పూసేవారు. మన ఊళ్ళలో సంక్రాంతి ముందు గోడలు అలికి సున్నం కొట్టించినట్టే. పై పూత పోవటం వాళ్ళ దృష్టిలో లోపం కాదు, అది ఉన్నదే అందుకు. ఒళ్ళు కాపాడటానికి చొక్కా మాసిపోతుంది, చొక్కా ఉతుక్కుంటాం.

ఈ పద్ధతికి బహ్లా కోట మంచి ఉదాహరణ. 1987లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మరుసటి ఏడాదే, 1988లో, ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో పెట్టవలసి వచ్చింది. కారణం మరేం లేదు. ఏటా చెయ్యవలసిన మట్టి పూత ఆగిపోయింది, వాన పడ్డప్పుడల్లా గోడలు కరిగిపోతున్నాయి. తర్వాత ఏళ్ళ తరబడి మట్టితోనే మరమ్మతు చేసి నిలబెట్టారు. 2004లో ఆ ప్రమాద జాబితా నుంచి తీశారు, 2012లో సందర్శకులకి మళ్ళీ తలుపులు తెరిచారు. మట్టిగోడని మట్టే కాపాడుతుంది, మనిషి ఏటా వచ్చి చెయ్యి వేస్తే.

నీళ్ళు తగిలే చోట మాత్రం మట్టి పనికిరాదని ఒమానీలకి తెలుసు. ఫలజ్ కాలువలకీ, నీటి తొట్లకీ, కోట బురుజులకీ సరూజ్ అనే పదార్థం వాడేవారు. పాత ఖర్జూర తోటల్లోని బంకమట్టిని తీసి, ముద్దలు చేసి ఎండబెట్టి, ఖర్జూరపు మొద్దుల మంట మీద రోజుల తరబడి కాల్చి, పొడిచేసి సున్నంతో కలిపేవారు. ఇది నీళ్ళలో కూడా గట్టిపడుతుంది. మీలో పెద్దవాళ్ళకి ఇది వింటే సుర్ఖీ గుర్తుకు రావాలి. మనవాళ్ళు ఇటుక పొడి సున్నంలో వేసి గానుగ ఆడించి కట్టింది ఇదే సూత్రం మీద. తెలంగాణలో డంగుసున్నం అంటారు, కోస్తాలో గానుగ సున్నం అంటారు. అటు అరబ్బు సముద్రం ఒడ్డున, ఇటు గోదావరి ఒడ్డున, ఎవరికి వారు కాల్చిన మట్టినీ సున్నాన్నీ కలిపి ఒకే విద్య నేర్చుకున్నారు. సరూజ్‌కీ, సున్నానికీ ఒక మంచి గుణం ఉంది. లోపలికి చెమ్మ చేరినా మళ్ళీ బయటికి వదులుతాయి. మేస్త్రీలు దీన్నే గోడ ఊపిరి పీల్చటం అంటారు.

ఇక పలకలు అతికించటం. అది కూడా ఒమాన్‌కి కొత్త కాదు. మస్కట్‌కి ఆగ్నేయంగా సూర్ వెళ్ళే దారిలో ఖల్హాత్ అనే పాడుబడ్డ రేవు పట్టణం ఉంది. మన మలబారుతో, గుజరాతుతో వ్యాపారం చేసిన ఊరు. 14వ శతాబ్దంలో, సుమారు 1330 ప్రాంతంలో, ఇబ్న్ బతూతా అక్కడికి వచ్చాడు. బీబీ మరియం కట్టించిన మసీదు గోడలకి కాషానీ పలకలు అతికించి ఉన్నాయని రాసుకున్నాడు. అంటే ఇరాన్‌లోని కాషాన్ పేరుమీద వచ్చిన మెరుగు పలకలు. ఊరిని 1508లో పోర్చుగీసువాళ్ళు ధ్వంసం చేశారు. మన కాలంలో తవ్వకాలు జరిపినవాళ్ళకి ఆ మసీదు ఆనవాళ్ళూ, మెరుగు పలకల ముక్కలూ దొరికాయి. 2018లో ఖల్హాత్‌కి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఏడువందల ఏళ్ళ కిందటే ఒమాన్‌లో పలకల పని ఉందన్నమాట. కాకపోతే అది రాజులకీ, మసీదులకీ. మామూలు ఇంటికి కాదు.

ఆ తేడా 1970 తర్వాత చెరిగిపోయింది. ఆ ఏడాది జులై 23న సుల్తాన్ ఖాబూస్ అధికారానికి వచ్చేనాటికి దేశం మొత్తంమీద తారురోడ్డు పది కిలోమీటర్లంటారు, బడులు మూడు. నూనె డబ్బుతో ఒక్క తరంలో ఊళ్ళు లేచాయి. రూవీ, ఖురమ్, అల్ ఖువైర్, అజైబా, సీబ్ వరసగా పెరిగాయి. మట్టి ఇటుక పోయి సిమెంటు బ్లాకు వచ్చింది. సున్నం పోయి సిమెంటు గిలాబు వచ్చింది. కట్టడానికి మనుషులు కావాలి గనక కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్ళు వచ్చారు. తాపీ మేస్త్రీలు, వడ్రంగులు, ఇనుము కట్టేవాళ్ళు, మాలాంటి సూపర్‌వైజర్లు.

మస్కట్‌లో ఒక నియమం మీకందరికీ కంటికి కనిపిస్తుంది. కట్టడాలు తెల్లగానో, లేత ఇసుక రంగులోనో ఉండాలి. ఆకాశాన్నంటే మేడలు ఉండకూడదు. దుబాయి నుంచి వచ్చినవాళ్ళు "ఇదేమిటి, ఇంత ప్రశాంతంగా ఉంది" అనేది అందుకే. లేత రంగు ఎండని తిప్పికొడుతుంది, మంచిదే. అయితే తెల్ల పంచె మీద మరకలా, తెల్లగోడ మీద ప్రతి చారా కనిపిస్తుంది. మొదట్లో ఇంటివాళ్ళు ఏడాదికో, రెండేళ్ళకో రంగు వేయించేవారు. తర్వాత "రంగు బెడద లేకుండా రాయి అతికించేద్దాం" అనే ఆలోచన వచ్చింది. రాయి అయితే ఒకసారి పెడితే జీవితాంతం చూడక్కర్లేదని నమ్మకం. ఆ నమ్మకమే తర్వాత వచ్చిన చాలా తప్పులకి మూలం.

రాతికి మంచి పేరు రావటానికి మంచి కారణమే ఉంది. మస్కట్‌లోని సుల్తాన్ ఖాబూస్ గ్రాండ్ మసీదు పని 1995లో మొదలై 2001 మే నెలలో ప్రారంభమైంది. దానికి మన భారతదేశపు ఇసుకరాయి మూడు లక్షల టన్నులు వాడారు. 2011లో రాయల్ ఒపేరా హౌస్ ఒమాన్ సొంత రాయితో లేచింది. అవి చూసినవాళ్ళు తమ ఇంటికీ అలాగే ఉండాలనుకోవటం సహజం. కానీ అక్కడ పని చెయ్యటానికి సంవత్సరాలు పట్టింది, చూసుకోవటానికి మనుషులున్నారు. అద్దెకిచ్చే అయిదంతస్తుల మేడకి రాయి అతికించటానికి కాంట్రాక్టరుకి దొరికేది రెండు నెలలు.

ఇప్పుడు నా తప్పు సంగతి చెప్తాను.

2006లో ఒక అయిదంతస్తుల మేడ పని నా చేతిలో ఉంది. ముందువైపు గోడకి లేత గోధుమరంగు రాయి, 30 మిల్లీమీటర్ల మందం. ఒక్కో పలక అడుగున్నర వెడల్పు, రెండడుగుల పొడవు. అలాంటి పలక ఒక్కొక్కటి ఇరవై కిలోల దాకా తూగుతుంది. వెనక సిమెంటు మాలు పెట్టి, గోడకి తీగలతో బిగించాలి. జగిత్యాల వైపునుంచి వచ్చిన ఒక పెద్ద మేస్త్రీ ఆ పని చేస్తున్నాడు. నాకన్నా పదేళ్ళు పెద్ద. ఒకరోజు సాయంత్రం నన్ను మంచె మీదికి పిలిచి, తాపీ పిడితో నాలుగో అంతస్తు రాళ్ళ మీద కొట్టి చూపించాడు. కొన్ని ఖణేల్‌మన్నాయి. కొన్ని ఖాళీ కుండలా డుబుక్కుమన్నాయి.

"సార్, గివి డొల్లగ పలుకుతున్నయ్. తీసి మల్ల పెట్టాలె" అన్నాడు.

ఎన్ని తియ్యాలని అడిగాను. యాభై అరవై ఉంటాయన్నాడు. ఇల్లు అప్పగించే తేదీకి ఎనిమిది రోజులుంది. నేను ఆ గోడ వంక చూశాను, కిందికి చూశాను, "సందులు సిలికాన్‌తో మూసెయ్యండి, తర్వాత చూద్దాం" అని సంతకం పెట్టేశాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు.

2007 జూన్‌లో గోనూ తుఫాను వచ్చింది. ఆ రోజుల్లో మస్కట్‌లో ఉన్నవాళ్ళు మరిచిపోలేరు. ఏడాది మొత్తానికి పది సెంటీమీటర్ల వాన పడే ఊరు అది. అలాంటిచోట ఒక్క తుఫాన్లో కొన్ని ప్రాంతాల్లో అరవై సెంటీమీటర్లు దాటి కురిసింది. వాదీలు పొంగి రోడ్లు కొట్టుకుపోయాయి. దేశంలో సుమారు యాభైమంది చనిపోయారు. మా మేడకి ఆ రోజు ఏమీ కాలేదు. నేను లోలోపల సంతోషించాను. మూడు నెలల తర్వాత ఒక రాత్రి నాలుగో అంతస్తు నుంచి మూడు పలకలు ఊడి కార్లు నిలిపే చోట పడ్డాయి. ఒక కారు పైకప్పు లోపలికి అణిగిపోయింది. పక్కనే ఎవరో పిల్లవాడి మూడుచక్రాల సైకిలు ఉంది. సాయంత్రాలు పిల్లలు ఆడుకునే చోటది.

మర్నాడు మంచెలు కట్టి గోడంతా కొట్టి చూస్తే మూడో వంతు డొల్ల. రాళ్ళు తీస్తుంటే ఒక్కొక్క తప్పూ బయటపడింది. రాయి కోసినప్పుడు వెనక పట్టిన పిండి కడగలేదు. ఆ పిండి మీద సిమెంటు అంటలేదు, రాయి వెనకభాగం అద్దంలా శుభ్రంగా ఉంది. మాలు వెనకంతా నింపకుండా నాలుగు మూలలా, మధ్యలో అయిదు ముద్దలు పెట్టి అతికించారు. ఆ ముద్దల మధ్య ఖాళీల్లో తుఫాను నీళ్ళు చేరాయి. సందులు నేనే సిలికాన్‌తో మూయించాను గదా, ఆ నీళ్ళు బయటికి పోయే దారి లేదు. లోపల కట్టిన జింకు తీగ అప్పటికే సముద్రపు గాలికి తుప్పుపట్టి ఉంది, మూడు నెలలు ఆ నీళ్ళలో నాని తెగిపోయింది. వేసవిలో కట్టిన గోడని ముందు తడపకుండానే మాలు పెట్టటంతో, ఎండిన బ్లాకు ఆ మాలులోని నీళ్ళు పీల్చేసింది. సిమెంటు గట్టిపడక ముందే పొడిబారింది.

మేస్త్రీ అప్పటికి ఇంటికి వెళ్ళిపోయాడు. జగిత్యాలకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "నేను అప్పుడే చెప్తి గద సార్" అన్నాడు. అంతే. తర్వాత మా పిల్లల చదువుల గురించి అడిగాడు.

ఆ గోడ నేర్పిన పాఠంతో మిగతా లోపాలు కూడా చెప్పవచ్చు. పేరుకి ఇరవై రకాల లోపాలు కనిపిస్తాయి గానీ, మూలం దాదాపు ఎప్పుడూ ఈ మూడింటిలో ఒకటి: కదలిక, నీళ్ళు, ఉప్పు.

మొదటిది కదలిక. గోడ కదలదనుకుంటాం. కదులుతుంది. చలికాలపు తెల్లవారుజాముకీ, వేసవి మధ్యాహ్నానికీ మధ్య మస్కట్‌లో ఎండ తగిలే గోడ పైభాగంలో 50 డిగ్రీల తేడా సులువుగా ఉంటుంది. మూడు మీటర్ల అల్యూమినియం రేకు ఆ తేడాకి మూడున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. కాంక్రీటు అందులో సగం కూడా సాగదు. సున్నపురాయి ఇంకా తక్కువ. పైగా కాంక్రీటు స్తంభం బరువుకి ఏళ్ళ తరబడి కాస్త కాస్త కుంచించుకుపోతుంది. ఒళ్ళు కుదించుకుంటుంటే పైన బిగుతు చొక్కా ఏమవుతుంది? ఉబ్బుతుంది, లేకపోతే చిరుగుతుంది. అందుకే ప్రతి అంతస్తు దగ్గరా, పొడుగాటి గోడలో కొన్ని మీటర్లకొకసారీ, మెత్తటి పదార్థం నింపిన సందు వదలాలి. "సందులుంటే చూడ్డానికి బాగుండదు" అని యజమాని అంటాడు. సందు మానేస్తారు. నాలుగేళ్ళకి అంతస్తు గీత దగ్గరే రాళ్ళు ఉబ్బుతాయి, టైల్స్ అంచులు చిట్లుతాయి.

ఈ తప్పు మన గల్ఫ్ కాంట్రాక్టర్లకే పరిమితం అనుకోకండి. అమెరికాలో ఉన్న శ్రోతలకి చికాగోలోని ఏయాన్ సెంటర్ తెలిసే ఉంటుంది. 1970ల మొదట్లో ఆమోకో చమురు కంపెనీ కోసం కట్టిన 83 అంతస్తుల మేడ. దానికి ఇటలీ నుంచి కరారా పాలరాయి తెప్పించి 43,000 పలకలు తొడిగించారు. పలకలు పల్చనివి. ఎండకీ చలికీ సాగి ముడుచుకుని, అప్పడంలా వంగిపోయాయి. చివరికి 1990 నుంచి 1992 దాకా పాలరాయి మొత్తం తీసేసి గ్రానైటు పెట్టారు. ఎనిమిది కోట్ల డాలర్లకి పైగా ఖర్చయింది. డబ్బుకీ, చదువుకీ లోటులేని చోట కూడా రాయి కదలదనే నమ్మకం అంత పని చేసింది.

రెండోది నీళ్ళు. మస్కట్‌లో వాన తక్కువ గనక నీళ్ళ గురించి ఎవరూ పట్టించుకోరు. మన పెంకుటిళ్ళకి చూరు ఉండేది. చూరు కారితే నీళ్ళు గోడకి దూరంగా పడేవి. ఇప్పటి డబ్బాల్లాంటి ఇళ్ళకి చూరు లేదు. పిట్టగోడ మీద కప్పిన రాయి ముందుకి రాదు, వచ్చినా దాని అడుగున నీటిచుక్క తెగి కిందపడేందుకు చిన్న గాడి ఉండదు. ధూళి కలిసిన ఆ నీళ్ళు గోడ మీదే కారి, కన్నీటి చారల్లా నల్లగా దిగుతాయి. సలాలాలో ఉన్నవాళ్ళకి ఇంకో బాధ. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఖరీఫ్ తుంపర్లు కురుస్తూనే ఉంటాయి. ఉత్తరపు నీడన ఉన్న గోడలు ఆరవు, పచ్చగా, తర్వాత నల్లగా పాచి పడతాయి.

వాన లేకపోయినా నీళ్ళుంటాయి. ఆగస్టులో ఫ్రిజ్ లోంచి సోడా సీసా తీసి బయటపెడితే దానిమీద చెమట పట్టినట్టే, తేమ నిండిన బయటి గాలి తొడుగు వెనక్కి చేరి, ఏసీతో చల్లబడిన గోడ భాగం తగలగానే నీరవుతుంది. చలిదేశాల పుస్తకాల్లో తేమని అడ్డే పొర గోడకి లోపలివైపు వేస్తారు, అక్కడ వెచ్చని గాలి ఉండేది ఇంట్లో గనక. మనకి వెచ్చని గాలి ఉండేది బయట. ఆ బొమ్మని యథాతథంగా తెచ్చి మస్కట్‌లో కడితే, తేమ చేరాక బయటికి పోయే దారే ఉండదు. నేను చూసిన కొన్ని విల్లాల్లో లోపలి గోడల బూజుకి కారణం అదే. అక్కడ ఇంటివాళ్ళు బాత్రూం పైపులన్నీ తవ్వించి చూసుకున్నారు, పాపం.

మూడోది ఉప్పు. మన భాషలో చెప్పాలంటే గోడకి చవుడెక్కటం. తీరం వెంబడి నేలలో ఉప్పు, గాలిలో ఉప్పు, కడగని ఇసుకలో ఉప్పు, కొన్నిచోట్ల మాలులో పోసిన బావినీళ్ళలో కూడా ఉప్పు. నీళ్ళలో కరిగి గోడలోకి పాకుతుంది. నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. రాయి పైభాగాన మిగిలితే తెల్లటి పొడి, తుడిస్తే పోతుంది. అదే రాయి వెనక, లోపలి రంధ్రాల్లో మిగిలితే స్ఫటికాలు పెరిగి రాతిని పెచ్చులు పెచ్చులుగా నెట్టేస్తాయి. చాలామంది తెల్లపొడి కనపడగానే పైన మెరిసే వార్నిష్ వంటిది పూస్తారు. దాంతో ఆ ఉప్పు బయట పేరుకునేది కాస్తా లోపలే పేరుకుంటుంది. జబ్బుని కప్పిపెట్టే మందు అది.

ఉప్పు ఇనుముని కూడా తింటుంది. ఇనుము తుప్పయితే రెండు మూడు రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ చోటు కావాలి. అందుకే కొక్కెం తుప్పుపట్టిన చోట రాతి మూల పగులుతుంది, గోధుమరంగు మరక కారుతుంది. తీగలూ మాలూ కాకుండా స్టీలు కొక్కేలతో రాయిని నిలబెట్టే పద్ధతి వచ్చాక పని మెరుగైంది. రాయికీ గోడకీ మధ్య గాలి ఆడే ఖాళీ ఉంటుంది. అయితే స్టెయిన్‌లెస్ స్టీలు అంతా ఒకటి కాదు. 304 రకం వంటింటి గిన్నెలకి సరిపోతుంది. సముద్రం దగ్గర 316 రకం కావాలి, అందులో మాలిబ్డినం అనే లోహం కలుపుతారు. రెండూ ఒకేలా మెరుస్తాయి. ధర మాత్రం తేడా. గోడ మూసేశాక ఏది పెట్టారో కంటికి తెలీదు.

2000 తర్వాత షాపులకీ ఆఫీసులకీ అల్యూమినియం ప్యానెళ్ళు వచ్చాయి. రెండు పల్చని అల్యూమినియం రేకులు, ఒక్కోటి అర మిల్లీమీటరు, మధ్యలో మూడు మిల్లీమీటర్ల పొర. ఆ మధ్య పొర ఏమిటన్నదే ప్రాణం. చవకరకంలో అది ప్లాస్టిక్, అంటుకుంటే నూనెలా మండుతుంది. దుబాయిలో 2015 ఫిబ్రవరిలో టార్చ్ టవరు, అదే ఏడాది డిసెంబరు 31 రాత్రి అడ్రస్ హోటలు, 2017 ఆగస్టులో మళ్ళీ టార్చ్ టవరు మంటల్లో చిక్కుకున్నాయి. లండన్‌లో 2017 జూన్ 14న గ్రెన్‌ఫెల్ టవరులో 72 మంది చనిపోయారు. పాత మేడకి చలి తగలకుండా, చూడ్డానికి బాగుండేలా తొడిగిన తొడుగే ఆ మంటని పైకి పాకించింది. 2024లో విచారణ తుది నివేదిక వచ్చింది. ప్రభుత్వం, పరిశ్రమ దశాబ్దాలపాటు చేసిన వైఫల్యాల ఫలితమని అందులో తేల్చారు. రాయి ఊడితే కింద ఉన్నవాళ్ళకి ప్రమాదం. ఇది అంటుకుంటే లోపలున్న అందరికీ ప్రమాదం. కాబట్టి ఇది లోపాల పట్టికలో ఇంకో వరస కాదు, దీన్ని విడిగా చూడాలి.

2021 అక్టోబరు 3న షాహీన్ తుఫాను బాతినా తీరాన్ని దాటింది. అప్పటికి నేను పని మానేసి హైదరాబాదు వచ్చేశాను. టీవీలో సువైక్, ఖాబూరా వీధులు చూస్తూ, నా చేతిమీదుగా వెళ్ళిన గోడల్ని ఒక్కొక్కటే తలుచుకుని లెక్క వేసుకున్నాను. ఎక్కడ గట్టిగా నిలబడి ఉంటాను, ఎక్కడ "తర్వాత చూద్దాం" అన్నాను అని. ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు.

హైదరాబాదులో కూడా ఇదే కథ ఇంకో రూపంలో కనిపించింది. 1591 నాటి చార్మినార్‌కి సున్నపు గచ్చు. 2019 మే 1న ఒక మినారు నుంచి ఆ గచ్చు పనిలో కొంత ఊడిపడింది. నాలుగు వందల ఏళ్ళ తర్వాత ఊడింది, దాన్ని మళ్ళీ సున్నంతోనే బాగుచేసే వీలుంది. మరి మన ఊళ్ళలో గల్ఫ్ డబ్బుతో లేచిన ఇళ్ళు? నిజామాబాద్, జగిత్యాల, కడప, రాజంపేట వైపు వెళ్ళి చూడండి. ముందువైపు 'ఎలివేషన్' పేరుతో టైల్స్, రాతి పలకలు, అల్యూమినియం ప్యానెళ్ళు. మస్కట్‌లో తాను ఎవరి మేడకో అతికించిన రాయి తన ఇంటికీ ఉండాలని కోరుకోవటంలో తప్పేముంది? ముచ్చటైన కోరికే. ఆ డబ్బు ఎలాంటిదో నాకు తెలుసు. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు ఆరుబయట పని చేయించకూడదని ఒమాన్‌లో చట్టం ఉంది. ఆ మూడు గంటలు తప్ప మిగతా ఎండంతా మనవాళ్ళ వీపు మీదే. అలాంటి డబ్బుతో కట్టిన గోడ డొల్లగా ఉండకూడదు గదా.

అందుకని ఇంటికి దూరంగా ఉండి ఇల్లు కట్టించుకునే శ్రోతలకి నాలుగు మాటలు. రాయి వెనకంతా మాలు నింపారా, లేక ముద్దలు పెట్టారా అని అడగండి. ఒక పలక ఊడదీయించి వెనక చూపిస్తూ ఫోటో పంపమనండి. పెద్ద పలకలైతే కొక్కేలు లేకుండా వట్టి సిమెంటు మీద ఆధారపడొద్దు. అంతస్తు దగ్గర సందు వదలమనండి, అందం కోసం పూడ్చొద్దు. పిట్టగోడ రాయిని రెండంగుళాలు ముందుకి తెమ్మనండి, అడుగున గాడి కొట్టమనండి. సెలవుకి వెళ్ళినప్పుడు ఒక కర్ర పట్టుకుని, అందినంతమేర గోడని తట్టి చూడండి. పైకి మేస్త్రీని పంపండి. డొల్లగా పలికినచోట సుద్దతో గుర్తు పెట్టుకుని, మరుసటి ఏడాది ఆ గుర్తు దాటి పెరిగిందేమో చూడండి. సందుల్లోని సిలికాన్ శాశ్వతం కాదు, ఎండకి ఎండి చిట్లుతుంది, పది పదిహేనేళ్ళకి మార్పించాలి.

ఇక ఆ సోదరికి జవాబు. అమ్మా, మీ మామగారి ఇల్లు అరవై ఏళ్ళు నిలబడింది మట్టి గొప్పతనంతో మాత్రమే కాదు. ఏటా ఎవరో ఒకరు, బహుశా మీ అత్తగారే, దాన్ని అలికారు. అలికేటప్పుడు గోడంతా చేత్తో తడిమారు, ఎక్కడ బీట వచ్చిందో, ఎక్కడ చెమ్మ ఉందో చేతికి తెలిసింది. మీ అపార్టుమెంటు గోడని కట్టినప్పటినుంచి ఎవరూ ముట్టుకోలేదు. ఒక పలక పడిందంటే పక్కన ఇంకొన్ని వదులై ఉంటాయి. యజమానికి కాగితం మీద రాసివ్వండి, మంచె కట్టించి గోడంతా తట్టి చూడమనండి. అది జరిగేదాకా పిల్లల్ని ఆ గోడ కింద ఆడుకోనివ్వకండి.

మీ పక్కింటివాళ్ళకి కూడా చెప్పండి. ఉంటాను, నమస్కారం.